గేటు లోపలి ఉపన్యాసం ఊరందరిది

అడ్మిషన్ల హడావిడి సద్దుమణిగి తరగతులు గాడిన పడ్డాయంటే మన విశ్వవిద్యాలయాల్లో ఉపన్యాసాల కాలం మొదలైనట్టే. స్మారకోపన్యాసాలు, ధర్మనిధి ఉపన్యాసాలు, విస్తరణోపన్యాసాలు, జాతీయ సదస్సుల్లో ప్రారంభ ప్రసంగాలు – విద్యా సంవత్సరం ముగిసేదాకా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. వేసవి దగ్గరపడేసరికి లలితకళల విభాగాల్లో చివరి ఏడాది విద్యార్థులు తమ బొమ్మలను, శిల్పాలను, అచ్చుచిత్రాలను ప్రదర్శనకు పెడతారు. వీటిలో చాలావాటికి టికెట్ ఉండదు. మాట్లాడటానికి వచ్చేవాళ్లు తమ రంగంలో జీవితమంతా పనిచేసినవాళ్లు. అయినా హాల్లో కనిపించేది ఆ విభాగం విద్యార్థులు, నలుగురైదుగురు అధ్యాపకులు, ఇద్దరు ముగ్గురు విశ్రాంత ఆచార్యులు. గేటు బయటి ఊరు రాదు. తనను కూడా పిలిచారన్న సంగతే ఊరికి తెలియదు. పాఠం చెప్పడం, పరిశోధన చేయడం విశ్వవిద్యాలయానికి ఎంత బాధ్యతో, తెలుసుకున్నదాన్ని ఊరికి వినిపించడం, చూపించడం కూడా అంతే బాధ్యత. మన దగ్గర ఆ పని సగంలో ఆగిపోతోంది. మిగతా సగం పూర్తి చేయడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. సరిగ్గా పిలిస్తే చాలు.

పిలుపు ఇప్పుడు ఎలా ఉంటోందో చూడటానికి ఒక మామూలు నోటీసును చదివితే సరిపోతుంది. ఏ4 కాగితం. పైన విశ్వవిద్యాలయ చిహ్నం, విభాగం పేరు. కింద వక్త ఫొటో, పేరు, రెండు మూడు వరుసల హోదాలు. శీర్షిక రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటి ముక్క కాస్త తెలిసినట్టే అనిపిస్తుంది కానీ, రెండో ముక్కలో ఆ శాస్త్రం చదివినవాళ్లకు తప్ప అంతుపట్టని మాటలు రెండైనా ఉంటాయి. వేదిక: సెమినార్ హాల్, రెండో అంతస్తు. సమయం: ఉదయం పదకొండు. అడుగున అందరూ ఆహ్వానితులేనని ఒక వరుస. కాగితం అంతా ఇంగ్లిషే. ఆ హాలు ఏ భవనంలో ఉందో, ఏ గేటు నుంచి వెళ్తే దగ్గరో ఉండదు. ప్రసంగం ఏ భాషలోనో, ఎంతసేపో ఉండదు. ఆ ‘అందరూ’లో ఎదురు వీధిలో మందుల షాపు నడిపే ఆయన, ఇంటర్ చదివే అమ్మాయి, రిటైరైన టీచరమ్మ ఉన్నారో లేరో తెలియదు. పనిదినాన పదకొండు గంటలకు ఉద్యోగస్థులు ఎలాగూ రాలేరు. ఇదంతా ఎవరో కావాలని చేస్తున్నది కాదు. నోటీసు రాసేవాళ్ల మనసులో ఉండేది పక్క గదిలోని సహోద్యోగి. అందుకే అది ఆయనకే అందుతుంది.

విశ్వవిద్యాలయ ఉపన్యాసం ఊరందరికీ అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. స్కాట్లండ్‌లో ఆడమ్ గిఫర్డ్ అనే న్యాయమూర్తి 1885లో వీలునామా రాస్తూ ఎడిన్‌బరో, గ్లాస్గో, అబర్డీన్, సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయాలకు కొంత సొమ్ము కేటాయించాడు. దేవుడి గురించి, మతం గురించి శాస్త్రీయంగా, నిర్భయంగా ఆలోచించే ఉపన్యాసాలు ఆ సొమ్ముతో జరగాలన్నాడు. వాటికి ఆయన పెట్టిన షరతులు గమనించదగినవి. అవి విద్యార్థులకే పరిమితం కాకూడదు, విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకోనివారు కూడా వచ్చి వినగలగాలి. వక్త ఏ మతం వాడు, అసలు మతం ఉన్నవాడా లేనివాడా అని అడగకూడదు. 1888లో మొదలైన ఆ ఉపన్యాసాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. జనం కోసం మాట్లాడితే విషయం పలచబడిపోతుందని మన దగ్గర ఒక అనుమానం ఉంది. కానీ 1901, 1902ల్లో ఎడిన్‌బరోలో మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ మతానుభవాల మీద ఇచ్చినవి ఈ గిఫర్డ్ ఉపన్యాసాలే. వాటి నుంచి వచ్చిన పుస్తకం మనస్తత్వశాస్త్రంలో ఈనాటికీ చదివించే పుస్తకం. ఊరి ముందు నిలబడి మాట్లాడాల్సి రావడం ఆయన ఆలోచనను తగ్గించలేదు. నా ఉద్దేశంలో అది ఆయన వచనానికి మేలే చేసింది. ఉదాహరణలతో, మనుషుల అనుభవాలతో మాట్లాడక తప్పని పరిస్థితి కల్పించింది.

మన గడ్డ మీద కూడా ఇలాంటి ఘట్టం ఉంది. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు చేరింది. తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్రాన్ని తెలుగులో రాసిన మనిషి. ఆయన తర్వాత 1931 నుంచి 1936 దాకా ఆ పదవిలో ఉన్నది సర్వేపల్లి రాధాకృష్ణన్. రాధాకృష్ణన్, రవీంద్రనాథ్ టాగూర్ ఇద్దరూ ఒకరి వెంట ఒకరు ఇంగ్లండ్‌లో హిబ్బర్ట్ ధర్మనిధి ఉపన్యాసాలు ఇచ్చినవారు. 1933 డిసెంబరులో టాగూర్ వాల్తేరుకు వచ్చి మనిషి అన్న విషయం మీద ఉపన్యసించారు. వాటిని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1937లో ‘మ్యాన్’ పేరుతో ఇంగ్లిషు పుస్తకంగా అచ్చువేసింది. ఏడేళ్ల వయసున్న విశ్వవిద్యాలయం అంతటి వక్తను పిలవగలగడం గర్వించదగిన సంగతే. అయితే అదే ఏడాది మొదట్లో టాగూర్ ఇంచుమించు ఇదే విషయం మీద కలకత్తా విశ్వవిద్యాలయంలో కమలా ఉపన్యాసాలు ఇచ్చారు. అవి బెంగాలీలో ఇచ్చారు. ‘మానుషేర్ ధర్మ’ పేరుతో పుస్తకంగా వచ్చి, బెంగాలీ చదవగల ప్రతి ఇంటికీ చేరే వీలు కలిగింది. 1937లో అదే విశ్వవిద్యాలయంలో స్నాతకోపన్యాసం కూడా ఆయన బెంగాలీలోనే చేశారు. అక్కడ అంతకు ముందు ఎవరూ అలా చేయలేదు. టాగూర్‌కు తెలుగు రాదు కాబట్టి వాల్తేరులో ఇంగ్లిషులో మాట్లాడటంలో తప్పు లేదు. కానీ తెలుగు వచ్చిన ఆచార్యుడు, తెలుగు వచ్చిన శ్రోతల ముందు, తెలుగు ఊరి చరిత్ర మీద ఇంగ్లిషులోనే మాట్లాడి వెళ్లిపోవడం నేటికీ మన సెమినార్ హాళ్లలో మామూలు వ్యవహారం. దానికి కారణం వెతికితే అలవాటు తప్ప మరొకటి దొరకదు.

ఇక్కడ ఎదురయ్యే మొదటి అభ్యంతరం బరువైనదే. పరిశోధకులు తమలో తాము మాట్లాడుకోవడానికి చోటు ఉండాలి కదా, ప్రతి మాటా అందరికీ అర్థమయ్యేలా చెప్పాలంటే శాస్త్రం ముందుకు సాగేదెలా అంటారు. నిజమే. గణితంలో కొత్త నిరూపణ మీదో, ఒక ప్రోటీన్ నిర్మాణం మీదో జరిగే పరిశోధక గోష్ఠికి ఊరిని పిలవనక్కర్లేదు, పిలిచినా ఉపయోగం లేదు. కానీ స్మారకోపన్యాసం, విస్తరణోపన్యాసం వేరు. విస్తరణ అనే మాటలోనే గేటు దాటి వెళ్లాలన్న ఉద్దేశం ఉంది. రెంటికీ ఒకే తరహా నోటీసు, ఒకే హాలు, ఒకే భాష పెట్టడం వల్ల రెండోది కూడా మొదటిదానిలాగే నలుగురి మధ్య ముగిసిపోతోంది. నోటీసులోనే తేడా కనిపిస్తే చాలు: ఇది ఆ శాస్త్రం చదివినవారికి, ఇది ఆసక్తి ఉన్న ఎవరికైనా అని.

మామూలు జనానికి ఇవి పట్టవు, పిలిచినా రారు అనేది రెండో అభ్యంతరం. ఈ మాటకు మన చరిత్రే జవాబు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు హైదరాబాద్‌లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టి చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథాలను తెలుగులో వేశారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర అలా వచ్చిందే. అక్షరాస్యులు అతి తక్కువగా ఉన్న కాలంలో ఆ పుస్తకాలకు చదువరులు దొరికారు. అంతకన్నా వెనక్కి వెళ్తే పటం కథలు ఉన్నాయి. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు గజాల కొద్దీ గుడ్డ మీద కథను వరుసలు వరుసలుగా చిత్రిస్తారు. కూనపులివారు ఆ పటాన్ని పద్మశాలీల వాడలో వేలాడదీసి, బొమ్మ తర్వాత బొమ్మను చూపిస్తూ మార్కండేయ పురాణం చెబుతారు. కాకిపడగలవారు ముదిరాజుల ముందు పాండవుల కథ చెబుతారు. చిత్ర ప్రదర్శన, ఉపన్యాసం రెండూ అక్కడ ఒకే కార్యక్రమం. రాత్రులకు రాత్రులు కూర్చుని విన్నది నేతపనివాళ్లు, చేపలు పట్టేవాళ్లు. బొమ్మ చూడటం, మాట వినడం, మధ్యలో ప్రశ్న అడగడం మన జనానికి రాని విద్య అనడం అన్యాయం. ఈ కాలపు సంగతే చూద్దామన్నా, ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ శాస్త్రవేత్తలు ‘చాయ్ అండ్ వై’ పేరుతో 2009 నుంచి ఆదివారాల్లో నాటకశాలలో, కాలేజీలో కూర్చుని భౌతికశాస్త్రం నుంచి జీవశాస్త్రం దాకా జనంతో మాట్లాడుతున్నారు. బడి పిల్లలు, వాళ్ల తాతయ్యలు కూడా వస్తారు. ఆదివారం, అందరికీ తెలిసిన చోటు, అర్థమయ్యే మాట – వాళ్లు పాటించినవి ఇవే.

చిత్రకళ విషయంలో పిలుపు విలువ మరీ ఎక్కువ. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లిషు ఆయన, ఊళ్లో బొమ్మలు గీసే కుర్రవాళ్లను తన దగ్గరికి రానిచ్చాడు. వాళ్లలో ఒకరు దామెర్ల రామారావు, మరొకరు అడవి బాపిరాజు. కూల్డ్రే చొరవతోనే రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు చేరారు. 1925లో, ముప్పై ఏళ్లు నిండకుండానే ఆయన కన్నుమూశారు. అయినా ఆయన చిత్రాలున్న గ్యాలరీ ఇవాళ్టికీ రాజమండ్రిలో ఉంది. ఆంధ్రదేశంలో ఆధునిక చిత్రకళ అంటే ముందు చెప్పుకునేది అక్కడి సంగతే. ఒక కాలేజీ తలుపు తీసి ఉంచితే ఊరికి ఏం దక్కుతుందో చెప్పడానికి దీనికన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఇప్పుడు హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో, 1940లో మొదలై నేడు జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగమైన లలితకళల కళాశాల ఉంది. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి సరోజినీ నాయుడు పేరిట కళల స్కూలు ఉంది. మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్ నుంచి వచ్చిన కె. లక్ష్మాగౌడ్ హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని, తిరిగొచ్చి హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పారు. దేశమంతా ఎరిగిన ఆయన ఎచింగులలో మేకలు, తాటిచెట్లు, పల్లె మనుషులే ఉంటారు. ఆ పల్లె మనుషుల పిల్లలు నగరంలో ఉంటూ కూడా ఆ బొమ్మల దాకా వెళ్లలేకపోతున్నారు.

ఎచింగ్ అంటే ఏమిటో తెలిస్తే ప్రదర్శనకు వెళ్లినప్పుడు చూపు మారుతుంది. జింకు రేకు మీద ఆమ్లానికి లొంగని మైనపు పూత పూస్తారు. దాని మీద సూదితో గీస్తే పూత తొలగి లోహం బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ముంచితే గీత ఉన్నచోట మాత్రమే లోహం కరుగుతుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతై, అచ్చులో నల్లగా పడుతుంది. తక్కువసేపు ఉంచితే లేతగా పడుతుంది. పూత తీసేసి, గీతల్లోకి సిరా దట్టించి, పైన మిగిలిన సిరాను గుడ్డతో తుడిచి, తడిపిన మందపాటి కాగితాన్ని పరిచి ప్రెస్సులో రోలర్ల మధ్య నడిపిస్తారు. కాగితం ఎత్తి చూస్తే బొమ్మ కుడి ఎడమలు మారి ఉంటుంది. రేకు అంచు దిగిన గాడి బొమ్మ చుట్టూ కనిపిస్తుంది. బొమ్మ కింద పెన్సిల్‌తో ఎడమ పక్క 3/10 అని ఉంటే, తీసిన పది ప్రతుల్లో అది మూడోదని అర్థం. కుడి పక్క చిత్రకారుడి సంతకం, సంవత్సరం. విద్యార్థుల ప్రదర్శనలో ఆ బొమ్మ వేసిన అమ్మాయో అబ్బాయో పక్కనే నిలబడి ఉంటారు. ఈ నలుపుకి ఆమ్లంలో ఎంతసేపు ఉంచావమ్మా అని అడిగితే చెబుతారు. పేరున్న చిత్రకారుల ప్రదర్శనలో ఇంత చనువుగా మాట్లాడే అవకాశం చాలా అరుదు.

అందుకే యూట్యూబులో పెడుతున్నాం కదా, ఇంకేం కావాలి అన్న వాదన నన్ను ఒప్పించదు. శ్రీకాకుళంలో, ఆదిలాబాద్‌లో ఉన్నవారికి రికార్డింగు తప్పకుండా మేలు చేస్తుంది; ప్రతి ఉపన్యాసాన్నీ పెట్టాలి, తెలుగు సారాంశంతో పెట్టాలి. కానీ ఉపన్యాసం చివరి పావుగంట ప్రశ్నలది. పొలంలో నేల సంగతి తెలిసిన రైతు భూసార శాస్త్రవేత్తను అడిగే ప్రశ్న, శాసనం ఉన్న ఊరి మనిషి చరిత్రకారుణ్ని అడిగే ప్రశ్న విద్యార్థులకు తట్టవు. అవి లేకపోతే నష్టం ఊరికే కాదు, వక్తకు కూడా. బొమ్మ విషయంలోనైతే ఫోను తెర మీద కాగితంలో దిగిన గాడి కనిపించదు, బొమ్మ అసలు కొలత తెలియదు. శిల్పం చుట్టూ తిరిగి చూడటం అంతకన్నా కుదరదు.

భద్రత మాటేమిటని అధికారులు అడుగుతారు. హాస్టళ్లు, లేబొరేటరీలు ఉన్న ఆవరణలోకి ఎవరినిబడితే వారిని రానివ్వలేమంటారు. వాళ్ల ఆందోళనను తీసిపారేయలేం. అయితే హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఖరీదైన పరికరాలు, రసాయనాలు ఉన్న పరిశోధనా సంస్థ అయి ఉండి కూడా, ప్రజల కోసం ఓపెన్ డే నాడు తలుపులు తెరుస్తుంది. బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కూడా ఏడాదికి ఒకరోజు ఆవరణంతా చూపిస్తుంది. అక్కడ సాధ్యమైనది గేటు పక్క ఆడిటోరియంలో జరిగే గంటన్నర ఉపన్యాసానికి అసాధ్యం కాబోదు. గేటు దగ్గర పేరు రాయించుకుని చిన్న చీటీ ఇస్తే సరిపోతుంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం బరోడా నుంచి వస్తుంది. 2007 మేలో మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయ లలితకళల ఫ్యాకల్టీలో పరీక్ష కోసం పెట్టిన బొమ్మల మీద బయటివారు కొందరు వచ్చి గొడవ చేశారు. తెలంగాణ నుంచి వెళ్లి అక్కడ చదువుతున్న విద్యార్థిని పోలీసులు అరెస్టు చేశారు. విద్యార్థుల పక్షాన నిలబడిన ఇన్‌చార్జి డీన్‌ను విశ్వవిద్యాలయం సస్పెండ్ చేసింది. చూశారా, తలుపు తీస్తే ఇదీ ఫలితం అని అప్పట్నుంచి చాలామంది అంటున్నారు. పైగా బరోడా ఊరికి దూరంగా బతికిన ఫ్యాకల్టీ కూడా కాదు. 1960లలోనే అక్కడ ఊరి జనం కోసం కళా మేళాలు మొదలయ్యాయి. కాబట్టి తలుపు తీసి ఉంచితే గొడవలు రావని నేను అనను. కానీ ఆ ఘటనలో అసలు దెబ్బ తగిలింది జనం రావడం వల్ల కాదు, సంస్థ తన విద్యార్థిని తనవాడని చెప్పకపోవడం వల్ల. తలుపు మూసినంత మాత్రాన అలాంటి గొడవ ఆగదు. ఒక ఫొటో బయటికి వెళ్తే చాలు. చూడనివాళ్ల మాటే అప్పుడు ఊళ్లో చెల్లుతుంది. బొమ్మను కళ్లారా చూసి, వేసినవాళ్లతో మాట్లాడిన మనుషులు ఊళ్లో కొందరున్నా, కాదు, నేను చూశాను అని చెప్పడానికి ఒక గొంతు ఉంటుంది. పిలిచే సంస్థ పిలిచినందుకు నిలబడటం కూడా నేర్చుకోవాలి. రెండూ చేయని చోట చదువుకు రక్షణ లేదు.

విశ్వవిద్యాలయాలు చేయవలసింది నిజానికి కొంచెమే. ఊరి కోసం ఉద్దేశించిన ఉపన్యాసానికి తెలుగులో నోటీసు, అందులో విషయం ఏమిటో నాలుగు వాక్యాలు, భాష, నిడివి, గేటు. సాయంత్రమో ఆదివారమో సమయం. జిల్లా గ్రంథాలయంలో, బస్టాండులో, పక్క జూనియర్ కాలేజీలో ఒక్కో ప్రతి. వక్త ఇంగ్లిషులో మాట్లాడితే చివర ఐదు నిమిషాలు తెలుగులో సారం చెప్పడానికి ఒక పరిశోధక విద్యార్థి. ప్రదర్శనలో ప్రతి బొమ్మ కింద అది ఎలా చేశారో తెలుగులో రెండు వరుసలు. ఇవి వచ్చేదాకా పాఠకులు ఆగనక్కర్లేదు. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవానికి చాలా విభాగాల్లో ఉపన్యాసాలు ఉంటాయి; వేసవి ముందు లలితకళల విభాగాల్లో ప్రదర్శనలు ఉంటాయి. మీకు దగ్గర్లోని విశ్వవిద్యాలయం ప్రజాసంబంధాల ఆఫీసుకో, ఆ విభాగం ఆఫీసుకో ఫోన్ చేసి, బయటివాళ్లం రావచ్చా అని అడగండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. ముందు వరుసలో కూర్చోండి. ప్రశ్నల సమయం వచ్చినప్పుడు చెయ్యెత్తి తెలుగులోనే అడగండి.